నాలుగు రంగుల మొహం: షెపర్డ్ ఫెయిరీ పోస్టర్ ఫొటో నుంచి గోడ దాకా

2008 అమెరికా ఎన్నికల నాటి ఒబామా ‘హోప్’ పోస్టర్‌ను ఒకసారి దగ్గరగా చూడండి. ముదురు నీలం, లేత నీలం, ఎరుపు, మీగడ రంగు. ఉన్నవి ఈ నాలుగే. చర్మపు రంగు ఎక్కడా లేదు. ఒక రంగు మెల్లగా ఇంకో రంగులోకి జారే చోటు ఒక్కటీ కనబడదు. ప్రతి రంగుకూ కత్తితో కోసినట్టు అంచు ఉంటుంది. వెలుతురుకూ నీడకూ మధ్య ఉండాల్సిన నడిమి ఛాయను సన్నని అడ్డగీతలు చూపిస్తాయి. నాలుగడుగులు వెనక్కి జరిగితే ఆ గీతలు కంట్లో కలిసిపోయి ఐదో రంగు ఉందనిపిస్తుంది.

ఈ పోస్టర్ చేసిన షెపర్డ్ ఫెయిరీ గురించి ఎవరు రాసినా గ్రాఫిటీ (వీధి గోడరాతలు), పాప్ ఆర్ట్ అనే రెండు మాటలు తప్పక వస్తాయి. రెండూ ఆయన దగ్గర కలిశాయని రాసి ముందుకు వెళ్లిపోతారు. ఎక్కడ కలిశాయి, ఎలా కలిశాయి అన్నది మిగిలిపోతుంది. అది తెలియాలంటే బొమ్మ భావం కంటే ముందు దాని తయారీని చూడాలి. ఆయన కళకున్న బలమూ, ఆయన్ను కోర్టుల దాకా తీసుకెళ్లిన చిక్కులూ పుట్టింది ఒకే పద్ధతి నుంచి: జనంలో ఉన్న ఒక ఫొటోను కొద్ది రంగులకు కుదించడం, లెక్కలేనన్ని కాపీలు తీయడం, గోడలకెక్కించడం.

పాప్ ఆర్ట్ సంగతి ముందు చూద్దాం. అమెరికన్ చిత్రకారుడు ఆండీ వార్హోల్ 1962లో నటి మార్లిన్ మన్రో పబ్లిసిటీ ఫొటోను తీసుకుని స్క్రీన్ ప్రింటింగ్‌తో కాన్వాస్ మీద వరసగా అచ్చు వేశాడు. వాటిలో ఒక పెద్ద చిత్రంలో అదే మొహం 50 సార్లు ఉంటుంది. అప్పటికే జనం కళ్ల ముందు తిరుగుతున్న బొమ్మే ఇక్కడ ముడిసరుకు. గ్రాఫిటీది వేరే దారి. న్యూయార్క్‌లో ‘టాకీ 183’ అని తన ముద్దుపేరు, వీధి నంబరు ఊరంతా రాసుకుంటూ పోయిన కుర్రవాడి గురించి 1971లో న్యూయార్క్ టైమ్స్ రాసింది. అందులో బొమ్మ లేదు, ఉన్నది పేరు. ఎన్ని చోట్ల కనబడితే అంత గుర్తింపు. వార్హోల్ ఒక కాన్వాస్ మీద చేసిన పనినే ఆ కుర్రవాడు ఒక నగరం మీద చేశాడు. రెండింటికీ ప్రాణం పునరుక్తి. ఫెయిరీ పట్టుకున్నది ఆ ఒక్క తీగనే: పాప్ ఆర్ట్ నుంచి మొహాన్ని తీసుకున్నాడు, గ్రాఫిటీ నుంచి ఊరంతా తిరిగే అలవాటును తీసుకున్నాడు.

ఫెయిరీ 1970లో సౌత్ కరోలినాలోని చార్ల్‌స్టన్‌లో పుట్టాడు. 1989లో ప్రావిడెన్స్‌లో, రోడ్ ఐలండ్ స్కూల్ ఆఫ్ డిజైన్‌లో చదువుకుంటూ స్కేట్‌బోర్డుల దుకాణంలో పనిచేసేవాడు. స్నేహితుడికి స్టెన్సిల్ కోయడం నేర్పడానికి పేపర్లో బొమ్మ వెతుకుతుంటే కుస్తీ పోటీల ప్రకటన దొరికింది. అందులో ఉన్నది ఆండ్రే ది జెయింట్ మొహం. దాన్ని జిరాక్స్ తీసి, పక్కన ‘ఆండ్రే ది జెయింట్‌కు ఒక దండు ఉంది’ అన్న అర్థం వచ్చే ఇంగ్లీషు వాక్యం, ఆయన ఎత్తు 7 అడుగుల 4 అంగుళాలు, బరువు 520 పౌండ్లు అని చేర్చి స్టిక్కర్ చేశాడు. స్కేటర్ల చేతుల మీదుగా అది ఊళ్లు దాటింది. చూసినవాళ్లకు ఇదేం సరుకు, ఎవరి ప్రకటన అన్న ప్రశ్న. సరుకేమీ లేదు. ప్రకటన రూపం మాత్రం ఉంది, అమ్మేది లేదు. ఆ ఖాళీయే జనాన్ని ఆపింది.

తర్వాత ఆ మల్లయోధుడి పేరు మీద హక్కులున్న టైటన్ స్పోర్ట్స్ నుంచి దావా బెదిరింపు వచ్చింది. పేరు తీసేయాల్సి వచ్చింది, ఫొటో పోలికలను కూడా తగ్గించాల్సి వచ్చింది. అప్పుడే మనకిప్పుడు తెలిసిన రూపం వచ్చింది: కళ్లు, ముక్కు, పెదవులు మాత్రమే మిగిలిన నలుపు తెలుపు మొహం, కింద ఎర్రపట్టీలో తెల్లని వాలు అక్షరాలతో ‘ఒబే’, అంటే లోబడు. ఎర్రపట్టీ మీద తెల్ల అక్షరాలన్నది చిత్రకారిణి బార్బరా క్రూగర్ పద్ధతి. ఆమె ప్రభావాన్ని ఫెయిరీ దాచుకోలేదు. మా దృష్టిలో చట్టం భయంతో చేసిన ఆ కుదింపే ఆయన మొత్తం పనికి పునాది. మొదటి స్టిక్కర్ ఒక జిరాక్స్ చమత్కారం. రెండోది వంద గజాల దూరం నుంచి, కారు వేగంలో కూడా పోల్చుకోగల గుర్తు.

మొహాన్ని పొరలుగా విడదీయడం

ఈ పని ఏ ఫొటోతో పడితే ఆ ఫొటోతో కాదు. వెలుతురు ఒక పక్క నుంచి పడి, ముక్కు నీడ చెంప మీద స్పష్టంగా ఉన్న ఫొటో కావాలి. ఎదురుగా ఫ్లాష్ కొట్టి తీసిన ఫొటోలో నీడలుండవు, కాబట్టి కోయడానికి ఆకారాలే ఉండవు. ముందు ఫొటోను నలుపు తెలుపు చేసి, కాంట్రాస్ట్ (వెలుతురు నీడల తేడా) పెంచి, తపాలా బిళ్లంత సైజుకు తగ్గించి చూడండి. అంత చిన్నగా ఉన్నప్పుడు కూడా మనిషి ఎవరో తెలిస్తే ఆ ఫొటో పనికొస్తుంది. తెలియకపోతే ఎంత కష్టపడి కోసినా గోడ మీద కూడా తెలియదు.

కంప్యూటర్‌లో గ్రే స్థాయిలు 0 నుంచి 255 దాకా ఉంటాయి. నాలుగు రంగుల పనికి మూడు కోతలు చాలు: మొదటిది 75 దగ్గర, రెండోది 135 దగ్గర, మూడోది 195 దగ్గర. ఇవి మొదలుపెట్టడానికి అంకెలు మాత్రమే. మొహం ఛాయను బట్టి, ఫొటో వెలుతురును బట్టి ఇటూ అటూ జరపాలి. 75 కంటే చీకటైనదంతా అతి ముదురు రంగు, 195 దాటిందంతా కాగితం రంగు. ఇంతవరకు యంత్రం చేస్తుంది. అక్కడితో ఆపినవాళ్ల పోస్టర్లన్నీ ఒకేలా, నిర్జీవంగా ఉండడానికి కారణం తర్వాత చేయాల్సిన చేతిపని చేయకపోవడమే.

యంత్రం కోసిన బొమ్మ అంచుల్లో ముక్కలు ముక్కలుగా చెత్త మిగులుతుంది. తుది సైజులో 2 మిల్లీమీటర్ల కంటే చిన్న మచ్చ ఏదున్నా తీసేయాలి, లేదా పక్క ఆకారంతో కలిపేయాలి. పళ్ల మధ్య గీతలు ఉంచకూడదు. ఒక్కో పన్ను విడిగా కనబడితే ఇరవై ఏళ్లవాడు కూడా ముసలివాడవుతాడు. పళ్లను ఒకే తెల్లని ఆకారంగా వదిలేయాలి. కంటి గుడ్డులో వెలుగుచుక్క ఒక్కటి తప్పకుండా ఉంచాలి, అది పోతే చూపు చచ్చిపోతుంది. దవడ కింద నీడ మెడ నీడతో కలిసిపోతుంటే మధ్యలో సన్నటి వెలుతురు గీత మనమే గీయాలి, ఫొటోలో లేకపోయినా సరే. లేకపోతే తల భుజాల మీద నేరుగా కూర్చున్నట్టు ఉంటుంది.

ఫెయిరీ ఈ చేతిపనికి వాడే పదార్థం రూబీలిత్. పారదర్శకమైన పాలియెస్టర్ షీటు మీద అతికించిన పల్చటి ఎర్రని పొర అది. చిత్రం మీద పరిచి, సన్నటి కత్తితో ఎర్రపొర వరకే గాటు పెట్టి, వద్దనుకున్న భాగాన్ని ఒలిచేస్తారు. ఒక్కో రంగుకు ఒక్కో షీటు. పాతకాలం ప్రెస్సుల్లో మాస్కింగ్ చేసినవాళ్లకు ఈ ఎర్రఫిల్మ్ బాగా తెలుసు. కంప్యూటర్ ఉండగా ఇదెందుకంటే, కత్తి ఒక ఆకారాన్ని ఒకే ఊపులో తీస్తుంది. ఎక్కడ తిరగాలో, ఎక్కడ కోణం రావాలో చెయ్యి నిర్ణయిస్తుంది. ఫెయిరీ మొహాల్లో నీడల అంచులు నది ఒడ్డుల్లా సాఫీగా, నమ్మకంగా ఉండడం అలా వచ్చినదే.

నడిమి ఛాయ కోసం వేసే అడ్డగీతలకు కూడా ఒక లెక్క ఉంది. 18 అంగుళాల వెడల్పు, 24 అంగుళాల ఎత్తున్న కాగితం మీద గీత మందం 1.5 మిల్లీమీటర్లు, సందు అంతే ఉంటే అచ్చులో నిలుస్తుంది. గీత అరమిల్లీమీటరుకు దిగితే రంగు సందుల్లోకి పాకి మొత్తం ఒక ముద్దవుతుంది.

స్టెన్సిల్, స్క్రీన్

స్టెన్సిల్ అంటే రంగు దూరే కన్నాలున్న షీటు. బియ్యం మిల్లుల్లో గోనెసంచుల మీద పేరు కొట్టే రేకు అదే. పారిస్‌లో వీధి చిత్రకారుడు బ్లెక్ ల రా 1981 నుంచి గోడల మీద ఎలుకల బొమ్మలు వేసిందీ ఈ పద్ధతిలోనే. ఇందులో అందరూ మొదట బోల్తాపడేది ద్వీపాల దగ్గర. ఇంగ్లీషులో ‘ఓ’ కోస్తే మధ్య గుండ్రం ఊడి పడిపోతుంది. దాన్ని చుట్టూ ఉన్న షీటుతో కలిపే వంతెనలు వదలాలి. తెలుగు లిపికి ఈ బెడద ఇంకా ఎక్కువ. సున్నా ఉంది, ‘ర’ ఉంది, ‘వ’, ‘మ’, ‘య’ల గుండ్రాలున్నాయి. ‘ఠ’లో అయితే గుండ్రం లోపల మళ్లీ చుక్క. అడుగు ఎత్తు అక్షరానికి 4 నుంచి 5 మిల్లీమీటర్ల వంతెన కావాలి, అదీ ఒకటి కాదు, ఎదురెదురుగా రెండు. ఒక్కటే పెడితే లోపలి ముక్క స్ప్రే గాలికి తలుపులా ఊగి, అంచు కింద రంగు పడుతుంది. తలకట్టు కిందా, వత్తుల దగ్గరా వంతెనలు పెడితే అక్షరం వేరే అక్షరంలా చదవబడే ప్రమాదం ఉంది. వాటిని గుండ్రం పక్కల్లో పెట్టడం మేలు.

ఒకటి రెండు సార్లకు 300 జీఎస్ఎం (చదరపు మీటరుకు గ్రాముల బరువు) అట్ట చాలు. పదే పదే వాడాలంటే 250 మైక్రాన్ల పాలియెస్టర్ షీటు. చిన్న కన్నాలు ముందు, పెద్దవి చివర కోయాలి. పెద్దవి ముందే కోస్తే షీటు బలం పోయి, చిన్నవి కోసేటప్పుడు చిరుగుతుంది. వంపు దగ్గర కత్తిని తిప్పకుండా షీటును తిప్పాలి. స్ప్రే డబ్బాను 20 నుంచి 25 సెంటీమీటర్ల దూరంలో, గోడకు నిటారుగా పట్టి, ఆగకుండా కదులుతూ రెండు మూడు పల్చటి పూతలు వేయాలి. ఒకేసారి దట్టంగా కొడితే రంగు షీటు కిందికి పాకి అంచు మసకబారుతుంది. పొరకూ పొరకూ మధ్య పది నిమిషాలైనా ఆగాలి. మూతికి గుడ్డ కట్టుకుంటే సరిపోదు. స్ప్రేలోని ద్రావకాల ఆవిరిని గుడ్డ ఆపలేదు, కార్బన్ క్యాట్రిడ్జ్ ఉన్న మాస్క్ కావాలి.

అచ్చు కాపీలకు స్క్రీన్ ప్రింటింగ్. మన ఊళ్లలో శుభలేఖలు, సంచులు అచ్చయ్యే పద్ధతే. ఫెయిరీ ప్రింట్లలో ఎక్కువ భాగం 18 × 24 అంగుళాల మీగడ రంగు కాగితం మీద, కొన్ని వందల కాపీల చొప్పున వస్తాయి. కాగితానికి అంగుళానికి 230 దారాల మెష్ (స్క్రీన్‌కు బిగించే వల) సరిపోతుంది, మన దగ్గర దాదాపు 90టీ అని అడిగితే ఇచ్చేది అదే. స్క్రీన్‌కూ కాగితానికీ మధ్య 3 మిల్లీమీటర్ల ఎడం ఉండాలి. ఎడం లేకపోతే స్క్వీజీ (రంగును నొక్కే రబ్బరు పలక) లాగాక కాగితం మెష్‌కు అంటుకుని పైకి లేచి, అచ్చు చెదురుతుంది.

రంగుల వరస లేతది ముందు, ముదురుది చివర. దీనికి గట్టి కారణం ఉంది. పొరలన్నీ వెంట్రుకవాసి తేడా లేకుండా ఒకదాని మీద ఒకటి కూర్చోవడం చేతిపనిలో జరగదు. అందుకే లేత రంగు ఆకారాన్ని దాని అసలు అంచు కంటే అరమిల్లీమీటరు బయటికి పెంచుతారు. చివర వచ్చే ముదురు నీలం ఆ అదనాన్ని కప్పేస్తుంది. పెంచకపోతే రెండు రంగుల మధ్య తెల్లటి కాగితం దారంలా కనబడుతుంది. ఇంత చేసినా మూడో రంగు దగ్గర అన్నీ పక్కకు జరిగాయంటే తప్పు స్క్రీన్‌ది కాకపోవచ్చు. కాగితం తేమకు సాగుతుంది, ఎండకు ముడుచుకుంటుంది. వానాకాలంలో ఒక రంగు పొద్దున, ఇంకో రంగు మర్నాడు వేస్తే సైజే మారిపోతుంది. కాగితాన్ని ఒక రోజు ముందే ప్రింటింగ్ గదిలో పరిచి ఉంచడం, అన్ని రంగులూ ఒకే వాతావరణంలో వేయడం ఒక్కటే మందు.

మైదా జిగురు

వీధి కళాకారులు పోస్టర్ అంటించే ‘వీట్‌పేస్ట్’ గురించి ఇంగ్లీషులో పెద్ద రహస్యంలా రాస్తారు. తెలుగువాళ్లకు అది రహస్యమే కాదు. సినిమా వాల్‌పోస్టర్ వెనక ఉన్న మైదా జిగురే అది. కానీ చూసినంత తేలిక కూడా కాదు.

100 గ్రాముల మైదాను ముందు 150 మిల్లీలీటర్ల చన్నీళ్లలో ఉండలు లేకుండా కలపాలి. వేరే గిన్నెలో 600 మిల్లీలీటర్ల నీళ్లు మరిగించి, మంట తగ్గించి, కలిపిన మైదాను సన్నటి ధారగా పోస్తూ ఆపకుండా తిప్పాలి. ఐదు నుంచి ఎనిమిది నిమిషాల్లో తెల్లటి పాలలాంటి ద్రవం కాస్త పారదర్శకంగా, గరిటెకు పూతలా పట్టేలా మారుతుంది. గోధుమ గంజిపొడి కణాలు 60 డిగ్రీలకు అటూ ఇటూ నీటిని పీల్చి ఉబ్బి పగలడం వల్ల వచ్చే మార్పు ఇది. ఆ మార్పు రాకముందే దించేస్తే అది పిండినీళ్లు మాత్రమే, ఆరాక పొడిలా రాలుతుంది. పొడి మైదాను నేరుగా మరిగే నీళ్లలో వేస్తే ప్రతి ఉండ పైపొర వెంటనే ఉడికి బిగుసుకుని, లోపలికి నీరు పోనివ్వదు. ఆ ఉండలు కాగితం కింద గులకరాళ్లలా లేస్తాయి, ఎంత తిప్పినా కరగవు.

చల్లారాక చిక్కబడుతుంది. మజ్జిగకంటే చిక్కగా, పెరుగుకంటే పల్చగా ఉండాలి. ఎండాకాలంలో ఒక్క రోజుకే పులుస్తుంది. పులిసినదానికి పట్టు ఉండదు, వాసన ఉంటుంది. పురుగు పట్టకుండా మైలతుత్తం కలిపే అలవాటు మన దగ్గర ఉంది. పోస్టర్లను ఆవులు, మేకలు చించుకుని తినడం రోజూ చూసేదే, వాటికి కావలసింది ఆ మైదా. మైలతుత్తం విషం. పశువులు తిరిగే వీధిలో, చేతికందే ఎత్తులో అంటించే పోస్టర్‌కు అది కలపవద్దు. వారం తక్కువ నిలిచినా పర్వాలేదు.

కాగితం పల్చగా ఉండాలి, 70, 80 జీఎస్ఎం. దళసరి ఆర్ట్ పేపర్ అందంగా ఉంటుంది గానీ గోడ గతుకుల్లోకి వంగదు, రెండో రోజుకే మూలలు లేస్తాయి. మామూలు ఇంక్‌జెట్ ప్రింట్ తీసుకెళ్తే జిగురు తగలగానే రంగు కారిపోతుంది. స్క్రీన్, ఆఫ్‌సెట్, లేజర్, జిరాక్స్ అచ్చులు తట్టుకుంటాయి. 1989 నాటి జిరాక్స్ బొమ్మ గోడకు సరిపోయిన సాంకేతిక కారణం కూడా ఇదే. జిరాక్స్ పొడిరంగు, అంటే టోనర్, నీళ్లకు కరగదు.

గోడే అన్నిటికంటే ఎక్కువ మోసం చేస్తుంది. వెల్లవేసిన గోడ మీద అరచేత్తో రుద్ది చూడండి. చేతికి సున్నం అంటితే, పోస్టర్ అంటుకునేది గోడకు కాదు, ఆ సున్నప్పొడికి. పొడితో సహా ఒక్క ముక్కగా ఊడి కింద పడుతుంది. గట్టి బ్రష్‌తో దులిపి, పల్చటి జిగురు ఒక పూత వేసి, అది పీల్చుకున్నాక అసలు పూత వేయాలి. నున్నటి ఆయిల్ పెయింట్ మీద, చెమ్మగిల్లిన గోడ మీద ఏదీ నిలవదు.

ముడతలకు కారణం చాలామంది బ్రష్ అనుకుంటారు. కాదు, తొందర. కాగితం తడిస్తే సాగుతుంది. పొడి కాగితాన్ని తడి గోడకు అంటిస్తే అది గోడ మీదే సాగడం మొదలుపెడుతుంది, సాగిన కాగితానికి చోటు చాలక ముడతపడుతుంది. వెనక జిగురు రాసి, ఒక నిమిషం మడతపెట్టి ఉంచి, సాగాల్సినంత సాగనిచ్చి అప్పుడు అంటించాలి. పైఅంచు నడుమ నుంచి మొదలుపెట్టి పక్కలకు, కిందికి బ్రష్ తోయాలి. తర్వాత పోస్టర్ మీద కూడా ఒక పూత జిగురు వేయాలి. అంచుల మీద రెండు అంగుళాల మేర గోడ మీదికి కూడా ఆ పూత వెళ్లాలి, ఎందుకంటే పోస్టర్ చావు ఎప్పుడూ అంచు నుంచే మొదలవుతుంది. మిట్టమధ్యాహ్నం ఎండలో అంటించకూడదు. కాగితం పైముఖం ముందు ఆరి ముడుచుకుని, ఇంకా తడిగా ఉన్న అంచును లాగేస్తుంది.

పెద్ద బొమ్మను షీట్లుగా కోస్తే ఒక్కోదాని వెనక వరస, సంఖ్య రాసుకోవాలి. కింది వరస ముందు అంటించి, పై వరస దాని మీదికి రెండు సెంటీమీటర్లు వచ్చేలా వేయాలి. ఇంటికప్పు పెంకులు ఒకదాని మీద ఒకటి ఎందుకు వస్తాయో, వాన నీటి విషయంలో ఇదీ అందుకే. కాగితం చాలనంత పెద్ద గోడలకు గళ్లు గీసి పెంచుతారు. మన సినిమా బ్యానర్ చిత్రకారులు చిన్న ఫొటో మీద గళ్లు గీసి నలభై అడుగుల హీరోను వేసింది ఈ లెక్కతోనే. నాలుగు రంగుల మొహానికి అది ఇంకా సులువు. ఛాయలు కలపనక్కర్లేదు, అంచులు సరిగ్గా పడితే చాలు.

గోడ ఎవరిది, ఫొటో ఎవరిది

2009 ఫిబ్రవరిలో బోస్టన్‌లోని కాంటెంపరరీ ఆర్ట్ మ్యూజియంలో తన సొంత ప్రదర్శన ప్రారంభానికి వెళ్తుండగా ఫెయిరీని పోలీసులు అరెస్టు చేశారు, అనుమతి లేకుండా గోడల మీద అంటించిన పోస్టర్ల కేసులో. 2015లో డెట్రాయిట్‌లో భవన యజమానులే పిలిచి 184 అడుగుల మ్యూరల్ (గోడచిత్రం) వేయించుకున్నారు. అదే పర్యటనలో వేరే గోడల మీద అనుమతి లేకుండా పోస్టర్లు అంటించాడని కేసు పెట్టారు, తర్వాత కోర్టు దాన్ని కొట్టేసింది. ఒకే చెయ్యి, ఒకే బొమ్మ. తేడా ఒక కాగితం మీది సంతకం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో కూడా బహిరంగ ప్రదేశాలను పాడుచేయకుండా 1997లో ప్రత్యేక చట్టం చేశారు. కాబట్టి గోడ యజమాని నుంచి రాతపూర్వక అనుమతి అన్నది ఇక్కడ కూడా మొదటి పనిముట్టే.

ఇంతకంటే లోతైన చిక్కు ఫొటోది. ‘హోప్’కు మూలం అసోసియేటెడ్ ప్రెస్ (ఏపీ) వార్తాసంస్థ తరఫున మానీ గార్సియా 2006 ఏప్రిల్‌లో వాషింగ్టన్ నేషనల్ ప్రెస్ క్లబ్‌లో తీసిన ఫొటో. ఫెయిరీ 2008 జనవరిలో దాని నుంచి పోస్టర్ చేశాడు. మొదట కింద ‘ప్రోగ్రెస్’ అని ఉండేది, తర్వాత ‘హోప్’ అయింది. ఫొటోగ్రాఫర్‌ను గానీ, సంస్థను గానీ అడగలేదు. 2009 మొదట్లో మూలం బయటపడింది. అమెరికా మ్యూజియంల సంస్థ స్మిత్‌సోనియన్‌కు చెందిన నేషనల్ పోర్ట్రెయిట్ గ్యాలరీ ఆ చిత్రం కొలాజ్ ప్రతిని సేకరించిందీ ఆ రోజుల్లోనే. ఏపీ పరిహారం అడిగింది. తనది ‘ఫెయిర్ యూజ్’, అంటే అనుమతి అక్కర్లేని సబబైన వాడకం, అని తేల్చమంటూ ఫెయిరీయే ముందు కోర్టుకెళ్లాడు.

అమెరికా చట్టంలో ఫెయిర్ యూజ్‌కు నాలుగు ప్రశ్నలు: ఎందుకు వాడావు, మూల కృతి ఎలాంటిది, ఎంత వాడావు, దాని అమ్మకానికి ఏం నష్టం. ఫెయిరీకి చెప్పుకోదగిన వాదనే ఉంది. వార్తాఫొటోను ఆయన వార్తలాగా వాడలేదు, రంగూ అర్థమూ మార్చాడు. కానీ ఆయన ఏ ఫొటో వాడాడో అబద్ధం చెప్పాడు. పక్కన నటుడు జార్జ్ క్లూనీ ఉన్న వేరే ఫొటో నుంచి ఒబామాను కత్తిరించానన్నాడు. అలా అయితే ఎక్కువ మార్చినట్టు కనబడుతుంది. ఆ అబద్ధాన్ని నిలబెట్టడానికి కంప్యూటర్‌లోని ఫైళ్లు చెరిపేశాడు, కొన్ని కొత్తగా సృష్టించాడు. 2009 అక్టోబరులో స్వయంగా ఒప్పుకున్నాడు. 2011 జనవరిలో ఏపీతో రాజీ అయింది. 2012లో కోర్టు ధిక్కార నేరం అంగీకరించి, రెండేళ్ల ప్రొబేషన్ (జైలు బదులు పర్యవేక్షణ), 300 గంటల సమాజసేవ, 25,000 డాలర్ల జరిమానా పొందాడు.

ఈ శిక్షను చాలామంది ఫొటో వాడినందుకు పడిన శిక్షగా చెప్పుకుంటారు. అది పొరపాటు. శిక్ష సాక్ష్యాలు తారుమారు చేసినందుకు. ఫొటో వాడకం సబబా కాదా అన్న ప్రశ్నకు ఆ కేసులో తీర్పే రాలేదు. మాకు బాధ కలిగించేదీ అదే. రాబోయే కళాకారులందరికీ దారి చూపగలిగిన కేసు ఒక అబద్ధం వల్ల సగంలో ఆగిపోయింది. పైగా 2008లో ఆయన బొమ్మను మార్చి మాస్క్ తొడిగిన ఒక టెక్సస్ డిజైనర్‌కు ఫెయిరీ తరఫున లాయరు నోటీసు వెళ్లింది. ఇతరుల బొమ్మలు తీసుకుని పెరిగిన కళాకారుడికి అది న్యాయం అనిపించుకోదు.

ఆ ప్రశ్న మీద తీర్పు, ఫెయిరీ కోర్టుకెళ్లిన పద్నాలుగేళ్లకు, వేరే పేరు మీద వచ్చింది. లిన్ గోల్డ్‌స్మిత్ 1981లో గాయకుడు ప్రిన్స్‌ను ఫొటో తీసింది. 1984లో ఒక పత్రిక ఒకే ఒక్కసారి వాడుకునేందుకు 400 డాలర్లిచ్చి లైసెన్సు తీసుకుంది, దాని మీద వార్హోల్ చిత్రం వేశాడు. ఒకటి కాదు, వరసగా చాలా వేశాడు. 2016లో ప్రిన్స్ చనిపోయినప్పుడు అందులో ఒకదాన్ని ముఖచిత్రంగా వేసుకునేందుకు వార్హోల్ ఫౌండేషన్‌కు 10,000 డాలర్లు వచ్చాయి, ఫొటోగ్రాఫర్‌కు ఏమీ రాలేదు. 2023 మే నెలలో అమెరికా సుప్రీంకోర్టు 7–2తో, ఆ వాడకం ఉద్దేశం విషయంలో గోల్డ్‌స్మిత్ పక్షాన తీర్పిచ్చింది. కోర్టు చూసింది బొమ్మ ఎంత మారిందన్నది ఒక్కటే కాదు. ఫొటోను పత్రికకు అమ్ముకునే చోటే ఈ చిత్రాన్నీ అమ్ముకున్నారా అన్నది చూసింది. అంటే ఒకే బొమ్మ ఒక వాడకంలో సబబు, ఇంకో వాడకంలో కాకపోవచ్చు.

మన 1957 కాపీరైట్ చట్టంలో ఫొటో కూడా కళాకృతే. 52వ సెక్షన్ కింది మినహాయింపులు సొంత పరిశోధన, విమర్శ, సమీక్ష, వర్తమాన వార్తల వంటి వాటికి పరిమితం. రంగులు మార్చాను, పొరలు కోశాను అన్నంత మాత్రాన పోస్టర్ ఆ జాబితాలో సులువుగా ఇమడదు.

ఫెయిరీ 2017లో చేసిన పని వేరుగా ఉంది. ట్రంప్ ప్రమాణ స్వీకారం నాటి ‘వీ ద పీపుల్’ పోస్టర్లలో అమెరికా జెండాను హిజాబ్‌గా చుట్టుకున్న స్త్రీ బొమ్మ ఒకటి. దానికి మూలం రిద్వాన్ అధామీ 2007లో తీసిన ఫొటో. ఈసారి ఫొటోగ్రాఫర్‌తో కలిసి, అనుమతితో చేశాడు, ఆయన పేరు పోస్టర్‌తో పాటే ప్రచారమైంది. జనవరి 20న ఆ పోస్టర్లు పత్రికల్లో పూర్తిపేజీ ప్రకటనలుగా వచ్చాయి, ప్రదర్శనలకు వచ్చినవాళ్లు పేజీ విప్పి పట్టుకునేందుకు వీలుగా. బొమ్మ తయారీలో ఏ మార్పూ లేదు, అవే కొద్ది రంగులు, అవే పదును అంచులు.

మీరు ఎవరి ఫొటో మీదైనా పనిచేయబోతుంటే కోత మొదలుపెట్టకముందే ఫొటోగ్రాఫర్ నుంచి రాతలో తీసుకోవాల్సినవి ఇవి: ఏ ఫొటో, ఎన్ని కాపీలు, ఏ సైజు, గోడకా అమ్మకానికా, టీ షర్టులకు విడిగా అడగాలా, పేరు ఎక్కడ వేయాలి, డబ్బు ఎంత. ఫొటోలో ఉన్న మనిషి సమ్మతి వేరే కాగితం. ఆ రెండు కాగితాలూ, మూల ఫొటో ఫైలూ, అది ఎప్పుడు ఎక్కడి నుంచి వచ్చిందో రాసిన తేదీ, రంగుల ఫిల్ములూ ఒకే ఫోల్డర్లో పెట్టి, పోస్టర్ గోడ మీద నుంచి రాలిపోయాక కూడా తీసేయకుండా ఉంచండి.